కుక్క తినరానిది తింటే ఏం చేయాలి, తినకుండా ఎట్ల చూసుకోవాలి

నల్లగొండ, పాలమూరు దిక్కు కుక్కను పెంచేవాళ్లకు పట్నపోళ్లకు లేని చిక్కు ఒకటుంది. ఇంట్లో కాపలా ఉండే కుక్కే రోజూ చెలక దాకా పోయి వస్తుంది. దారిలో పత్తికి కొట్టి పడేసిన మందు సీసా ఉంటుంది, వరి ఒడ్డు మీద ఎలుకల మందు ఉంటుంది, ఇంటి వెనక పెంటకుప్పలో నిన్నటి కోడి బొక్కలు ఉంటాయి. చాక్లెట్ పెట్టొద్దు, ద్రాక్ష పెట్టొద్దు అనే జాబితాలు మనకు సగమే పనికొస్తాయి. కడుపులో ఇరుక్కున్నదాన్ని గొట్టం వేసి తీసే సౌకర్యం కావాలంటే హైదరాబాద్ పోవాల్సిందే. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా దగ్గర దగ్గర 100 కిలోమీటర్లు. కాబట్టి ఇంటి దగ్గర మొదటి అరగంటలో ఏం చేస్తామనేది, అంతకుముందు దాని నోటికి ఏం అందకుండా పెట్టామనేది చాలాసార్లు కుక్క ప్రాణాన్ని తేలుస్తాయి.

ఇప్పుడే తిన్నదని తెలిస్తే

అరుస్తూ వెంటపడొద్దు. వెంటపడితే నోట్లో ఉన్నది కూడా గబుక్కున మింగేస్తుంది. మామూలు గొంతుతో పిలిచి, చేతిలో ఏదో ఒక తిండి చూపించి పక్కకు తీసుకురండి. ఇంట్లో ఇంకో కుక్కో పిల్లో ఉంటే గదిలో వేయండి. మిగిలిన ముక్క, సీసా, ప్యాకెట్ ఏదున్నా పారేయకుండా కవర్లో వేసి మూతి కట్టండి. వాంతి చేసుకుంటే చేతికి గ్లౌజో కవరో తొడుక్కుని అది కూడా కొంచెం ఎత్తిపెట్టండి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన మాత్రం చూడొద్దు, ఎందుకో కింద చెప్తాం.

ఫోన్ ఎత్తగానే పశువుల డాక్టర్ అడిగేవి నాలుగు: ఏం తిన్నది, ఎంత తిన్నది, ఎంతసేపైంది, కుక్క బరువెంత. బరువు తెలియకపోతే కుక్కను ఎత్తుకుని తూకం మిషన్ మీద నిలబడి, తర్వాత ఒక్కరే నిలబడి తేడా తీయండి. పెరిగిన ఊరకుక్క మామూలుగా 15 నుంచి 20 కిలోలుంటుంది. పురుగుమందు అయితే సీసా మీద పెద్ద అక్షరాల్లో ఉండే కంపెనీ పేరుతో పని లేదు. దాని కింద చిన్న అక్షరాల్లో మందు అసలు పేరు, శాతం ఉంటాయి. వాటిని ఫోటో తీసి పంపండి. లేబుల్ మీద రంగు త్రికోణం కూడా ఉంటుంది. ఎరుపు అన్నిటికంటే ఘోరమైన విషం, దాని తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అని చూసి నిశ్చింతగా కూర్చోవద్దు, ఆ గుర్తు కుక్కను లెక్కలో పెట్టుకుని వేసింది కాదు.

ఫోన్‌లో మాట్లాడుతూనే పెదవి పైకెత్తి చిగుళ్లు చూడండి. లేత గులాబీ రంగు ఉంటే కొంత టైం ఉన్నట్టు. తెల్లగా పాలిపోయినా, నీలంగా మారినా, వణుకు మొదలైనా, నోటి నుంచి చొంగ ధారగా కారుతున్నా ఇంక ఫోన్లు ఆపి బండి తీయండి.

తెలంగాణలో 1962 పశువైద్య సంచార వాహనాల ఉచిత నంబరు. అది ముఖ్యంగా పాడి పశువుల కోసం, గొర్రెల కోసం పెట్టింది. ఫోన్ చేసి అడగండి, కానీ వాళ్లు వస్తారని ఎదురుచూస్తూ కూర్చోకండి.

వాంతి చేయించే ముందు

ఎక్కువ కుక్కలు పాడయ్యేది ఇక్కడే. ఉప్పు నీళ్లు, సబ్బు నీళ్లు, చింతపండు పులుసు, పేడ నీళ్లు, నూనె: ఊళ్లో ఎవరి విరుగుడు వాళ్లకుంది. వీటిలో ఒక్కటి కూడా తాపొద్దు. గుప్పెడు ఉప్పు కలిపిన నీళ్లు తాపితే రక్తంలో ఉప్పు పెరిగి మెదడు దెబ్బతింటుంది, ఫిట్స్ వస్తాయి. అసలు విషం తట్టుకున్న కుక్క కూడా ఉప్పుతో చావొచ్చు. చింతపండు కుక్క కిడ్నీలకే పడదు. నూనె, నెయ్యి, పాలు కొన్ని విషాలను ఇంకా తొందరగా ఒంటికి పట్టిస్తాయి. అన్నిటికీ మించి, ఇద్దరు దవడలు పట్టుకుని బలవంతంగా గొంతులో పోస్తే సగం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. విషం నుంచి బయటపడి నిమోనియాతో పోయే కుక్కల కథ ఇదే.

ఇంట్లో వాంతి చేయించడానికి కాస్త భరోసా ఉన్నది ఒకటే, హైడ్రోజన్ పెరాక్సైడ్. అది కూడా డాక్టర్ ఫోన్‌లో సరే అన్నాకే. కావాల్సింది 3 శాతం ద్రావణం. మన మెడికల్ షాపుల్లో ఎక్కువగా దొరికేది 6 శాతం, దానికి అంతే కొలత నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. లేబుల్ చదవకుండా పోస్తే గొంతు, కడుపు పుండ్లవుతాయి. కిలో బరువుకు 2 మి.లీ. చొప్పున లెక్క కట్టాలి, కుక్క ఎంత పెద్దదైనా మొత్తం 45 మి.లీ. దాటొద్దు. అంటే 10 కిలోల కుక్కకు 20 మి.లీ. సూది లేని సిరంజిని చెంప పక్క నుంచి పెట్టి కొద్దికొద్దిగా వదలాలి, తల పైకెత్తి పట్టొద్దు. ఆ తర్వాత కొంచెం నడిపిస్తే 10, 15 నిమిషాల్లో వాంతి అవుతుంది. కాకపోతే మళ్లీ పోయాలా వద్దా అన్నది డాక్టర్ చెప్పాలి. మూత తీసి చాలా రోజులైన సీసా పనిచేయదు. కొంచెం పోసి చూస్తే నురగ రాదు, అదే గుర్తు.

తిని రెండు గంటలు దాటితే వాంతి చేయించినా ఫలితం తక్కువ. కొన్నిటికి వాంతే ప్రమాదం: కిరోసిన్, పెట్రోల్, బాత్రూం కడిగే యాసిడ్, ఫినాయిల్, బ్యాటరీ బిళ్ల, సూది, పదునైన బొక్క, గాజు. పైకి వచ్చేటప్పుడు ఇవి గొంతును రెండోసారి కాలుస్తాయి, లేదా చీలుస్తాయి. చాలా పురుగుమందు సీసాల్లో మందు కరిగి ఉండేది కిరోసిన్ లాంటి నూనెలోనే, కాబట్టి వాటి విషయంలోనూ సొంత నిర్ణయం వద్దు. మగతగా ఉన్న కుక్కకు, వణుకుతున్న కుక్కకు, పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఇంట్లో అసలే చేయించొద్దు.

పత్తి మందులు, గుళికలు

మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్ ఒక కుటుంబం. కార్బోఫ్యూరాన్ గుళికలు వేరే కుటుంబం, కానీ ఒంట్లో చేసే పని ఒకటే. నరాలకూ కండరాలకూ మధ్య నడిచే సంకేతం ఆగాల్సిన చోట ఆగకుండా చేస్తాయి. అందుకే చొంగ, కన్నీళ్లు, వాంతి, నీళ్ల విరేచనం, తెలియకుండా మూత్రం పోవడం, సూదిమొనంత కంటిపాప, ఒళ్లంతా కండరాలు అదరడం ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఊపిరితిత్తుల్లో నీరు నిండి, ఊపిరి కండరాలు పడిపోయి కుక్క చనిపోతుంది. కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల్లోపే ఇదంతా జరుగుతుంది.

దీనికి అట్రోపిన్ విరుగుడు. మందు కొట్టిన గడ్డి మేసిన బర్రెకు, మేకకు కూడా అదే ఇస్తారు కాబట్టి మండలంలోని పసుల దవాఖానలో ఉండే అవకాశం ఎక్కువ. ఈ ఒక్క విషయంలో హైదరాబాద్ అనే ఆలోచనే పెట్టుకోవద్దు. దగ్గర్లోని దవాఖానకు ఫోన్ చేసి "అట్రోపిన్ ఉందా, డాక్టర్ ఉన్నాడా" అని అడిగి అక్కడికే పోండి. ముందు సూదులు పడి నిలబడ్డాక మిగతావి చూసుకోవచ్చు. బండిలో పక్కకు పడుకోబెట్టి, చొంగ బయటికి కారేటట్టు మూతి కొంచెం కిందికి పెట్టండి. కిటికీలు తెరవండి. మూతి కట్టొద్దు.

తినకపోయినా మందు ఎక్కుతుందని చాలామంది గమనించరు. మందు కొట్టిన పత్తిలో తిరిగి వచ్చిన కుక్క తన కాళ్లు తానే నాకుతుంది. అప్పుడు గ్లౌజులు వేసుకుని సబ్బుతో, మామూలు నీళ్లతో ఒళ్లంతా, ముఖ్యంగా కాలివేళ్ల మధ్య కడగాలి. మందు కలిపే డ్రమ్ములో నీళ్లు తాగడం ఇంకో దారి. ఎండకు దప్పికైన కుక్క ముందుగా వెతికేది నీళ్లనే. చెలక కాడ దానికంటూ ఒక తొట్టి నీళ్లు పెట్టి, డ్రమ్ముకు మూత వేస్తే ఆ దారి మూసుకుంటుంది. ఖాళీ సీసాలను గట్ల మీద, కాలువలో పడేయకుండా మూడుసార్లు కడిగి, చిల్లు పొడిచి, బాయికి, కాలువకు దూరంగా పాతిపెట్టాలి. ఫోరేట్ గుళికలను 2020 డిసెంబర్ 31 తర్వాత వాడొద్దని ప్రభుత్వం నిషేధించింది. అయినా పాత సంచులు కొన్ని ఇళ్లలో ఇంకా ఉన్నాయి. ఉంటే పశువుల కొట్టంలో పెట్టకండి.

గడ్డిమందుల్లో పారాక్వాట్ వేరే రకం. మొదటిరోజు నోట్లో పుండ్లు, వాంతులు తప్ప పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. తర్వాత రోజుల్లో ఊపిరితిత్తులు గట్టిపడతాయి. దానికి విరుగుడు లేదు. కుక్క బాగానే ఉందని ఆగకుండా ఆ గంటలోనే తీసుకుపోవాలి.

మాంసం ముక్కల్లో గుళికలు పెట్టి ఊరకుక్కలను చంపే పని అక్కడక్కడా జరుగుతుంది. అది నేరం. జంతువును చంపడం, అవిటిదాన్ని చేయడం మీద భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష ఉంది. అడవి పందుల కోసం పెట్టే నాటుబాంబులు కూడా ఇట్లాంటివే. అడవి అంచు ఊళ్లలో కుక్కను తాడు లేకుండా వదలకపోవడం తప్ప వాటికి వేరే జాగ్రత్త లేదు.

ఎలుకల మందు: రెండు రకాలు, రెండు దారులు

నల్లటి పొడి జింక్ ఫాస్ఫైడ్. దాన్ని 96 పాళ్ల నూకలకు 2 పాళ్ల నూనె, 2 పాళ్ల మందు చొప్పున కలిపి ఒడ్ల మీద పెడతారు. ఆ నూనె వాసనకే కుక్క పోతుంది. కడుపులోని ఆమ్లం తగలగానే అది ఫాస్ఫిన్ అనే గ్యాస్ అవుతుంది. కడుపులో తిండి పడితే ఆమ్లం ఊరుతుంది, ఆమ్లం ఊరితే గ్యాస్ పెరుగుతుంది. కాబట్టి "కొంచెం పెరుగన్నం పెడితే కుదురుకుంటుంది" అనుకుని తినిపిస్తే ఇంకా ముదురుతుంది. వాంతిలోనూ ఆ గ్యాస్ ఉంటుంది, మనుషులకూ ప్రమాదమే. అందుకే వాసన చూడొద్దన్నది. ఆరుబయట ఉంచండి, కారు అద్దాలు దింపి తీసుకుపోండి, డాక్టర్‌కు ఈ పేరు ముందే చెప్పండి. వడ్ల గోదాముల్లో పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు కూడా ఇదే గ్యాస్ వదులుతాయి.

బ్రోమాడియోలోన్ బిళ్లలు, కేకులు నెమ్మదిగా పనిచేస్తాయి. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కెను అడ్డుకుంటాయి. తిన్నరోజు కుక్క గెంతుతూనే ఉంటుంది. మూడు నుంచి ఐదు రోజుల తర్వాత నీరసం, తెల్లటి చిగుళ్లు, ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనం, ఆయాసం మొదలవుతాయి. అప్పటికి "మొన్న ఎలుకల మందు తిన్నది" అనే మాట ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. తిన్నరోజే తీసుకుపోతే ఇది బాగా నయమయ్యే విషం. విటమిన్ కె1 బిళ్లలు మూడు, నాలుగు వారాలు, కొంచెం కొవ్వున్న తిండితో వేయాలి. మందుల షాపులో కె3 ఇస్తే తీసుకోవద్దు, ఈ విషానికి అది పనిచేయదు. వారానికే కుక్క హుషారైందని బిళ్లలు ఆపేస్తే మళ్లీ రక్తస్రావం మొదలవుతుంది, ఎందుకంటే ఎలుకల మందు కాలేయంలో వారాల కొద్దీ ఉంటుంది. ఆపాక 48 గంటలకు రక్తం గడ్డకట్టే పరీక్ష చేయిస్తే నిజం తెలుస్తుంది.

ఎర పెట్టాల్సి వస్తే బొరియ లోపల పెట్టి మట్టితో మూయండి. చచ్చిన ఎలుకలను తెల్లారే ఏరి పాతిపెట్టండి, వాటిని తిన్నా కుక్కకు మందు ఎక్కుతుంది.

ఆముదం చెక్క, బూజు పల్లీ, చింతపండు

పాలమూరు, నల్లగొండ చెలకల్లో ఆముదం కొత్త పంట కాదు. గింజ నుంచి నూనె తీశాక మిగిలే చెక్కను చెట్లకు ఎరువుగా వేస్తారు. రైసిన్ అనే విషం నూనెలోకి రాదు, ఆ చెక్కలోనే మిగిలిపోతుంది. బత్తాయి చెట్ల పాదుల్లో వేసిన చెక్కను కుక్క తవ్వి తింటుంది. గింజ నమలకుండా మింగితే ఒక్కోసారి అట్లే బయటికి పోతుంది, నమిలితే విషం విడుదలవుతుంది. చాలాసార్లు ఆరేడు గంటల దాకా ఏమీ కనిపించదు. ఆ తర్వాత వాంతులు, కడుపునొప్పి, రక్త విరేచనాలు. విరుగుడు లేదు, సెలైన్ మీద నిలబెట్టడమే వైద్యం. కాబట్టి ఇది తిన్నట్టు చూస్తే లక్షణాల కోసం ఆగొద్దు. పాదుల్లో చెక్క వేశాక మట్టి కప్పి, నీళ్లు పెట్టి, వారం పది రోజులు కుక్కను తోటకు తీసుకుపోకపోతే మంచిది. కంచెకు పెట్టే నేపాళం, పచ్చగన్నేరు, గురివింద గింజలు కూడా కుక్కకు విషమే.

బూజు పట్టిన పల్లీలు, మక్కలు కోళ్లకో కుక్కకో వేయడం మన దగ్గర అలవాటు. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ కుక్క కాలేయాన్ని కొడుతుంది. ఉడకబెట్టినా అది పోదు. తిండి మానేయడం, కళ్లు పసుపు పచ్చబడడం దాని గుర్తులు. వాటిని ఎవరికీ వేయకుండా పాతిపెట్టడమే మంచిది.

ద్రాక్ష, కిస్మిస్ కుక్క కిడ్నీలను చెడగొడతాయని చాలామందికి తెలుసు. అందులో దోషి టార్టారిక్ ఆమ్లం అని ఇప్పుడు అనుమానిస్తున్నారు. చింతపండులో ఆ ఆమ్లం దండిగా ఉంది, చింతపండు తిని కిడ్నీలు చెడిన కుక్కలూ ఉన్నాయి. ఎండాకాలం మొదట్లో వాకిట్లో చింతపండు కొట్టి ఆరబోసినప్పుడు కుక్కను కట్టేయండి. పులుసు కలిసిన అన్నం రోజూ వేయడం కూడా మానాలి.

ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పచ్చివైనా, ఉడికినవైనా ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. కిలో బరువుకు 15 గ్రాముల ఉల్లిగడ్డ నుంచి తేడా మొదలవుతుంది, అంటే 10 కిలోల కుక్కకు పెద్ద ఉల్లిగడ్డ ఒకటి. కూరలో మిగిలిన గ్రేవీ అంతా అదే. రెండు నుంచి ఐదు రోజులకు మూత్రం ఎర్రగా వస్తుంది. పాల చాక్లెట్ 10 కిలోల కుక్క 100 గ్రాములు తింటే వాంతులు మొదలవుతాయి, నల్ల చాక్లెట్ అయితే 40 గ్రాములే చాలు. ఇంట్లో నొప్పులకు వాడే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ బిళ్లలు కుక్కకు జ్వరమని వేస్తే కడుపులో పుండ్లు పడి కిడ్నీలు చెడతాయి.

బొక్కలు, మామిడి టెంకలు, దారాలు

ఉడికిన బొక్క పెళుసుగా చీలుతుంది. కోడి బొక్కలైతే మరీ మొనలు తేలుతాయి. నల్లి బొక్క గుండ్రటి ముక్క కింది దవడకు ఉంగరంలా ఇరుక్కుంటుంది. అప్పుడు కుక్క ముందుకాళ్లతో మూతి గీరుకుంటుంది. లాగొద్దు, మత్తిచ్చి కోసి తీయాల్సిందే. బొక్క మింగేసి మామూలుగా తిరుగుతుంటే ఉడికిన అన్నం కొంచెం ఎక్కువ పెట్టి మూడు రోజులు దొడ్డికి పోయేది చూడండి. తెల్లగా సున్నంలా గట్టిగా వస్తూ ముక్కుతుంటే దవాఖానకు పోవాలి.

ఎండాకాలంలో మామిడి టెంక, వానాకాలం చివర మక్క కంకి బెండు ఎక్కువ ఆపరేషన్లకు దారితీస్తాయి. రెండూ కడుపులో అరగవు. కడుపులో వారాలపాటు నిమ్మళంగా ఉండి, ఒకరోజు పేగులోకి జారి అడ్డం పడతాయి. తిన్నదీ తాగిందీ వాంతి కావడం, దొడ్డికి రాకపోవడం, పొట్ట ముట్టుకుంటే మూలగడం, ముందుకాళ్లు చాపి వెనకభాగం పైకెత్తి నిలబడడం పేగు అడ్డానికి గుర్తులు. టెంక, ప్లాస్టిక్, గుడ్డ మామూలు ఎక్స్‌రేలో సరిగా కనిపించకపోవచ్చు, స్కానింగ్ అడగండి. మహబూబ్‌నగర్ వైపు నుంచి పోయేవాళ్లకు రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల దగ్గర. సీతాఫలం గుజ్జు కొంచెం తిన్నా ఫరవాలేదు, గింజలు మాత్రం అందనీయొద్దు.

నోట్లోంచి గానీ, వెనక నుంచి గానీ దారం, మాంజా, చీర పోగు వేలాడుతుంటే లాగొద్దు. రెండో కొస లోపల ఎక్కడో తట్టుకుని ఉంటే, లాగినప్పుడు పేగు ముడుచుకుని కోసుకుపోతుంది. బయట ఉన్నదాన్ని కొంచెం వదిలి కత్తిరించి తీసుకుపోండి.

గొంతుకు అడ్డం పడి ఊపిరాడకపోతే నోరు తెరిచి చూడండి. కనిపిస్తేనే వేలితో తీయండి, కనిపించనిదాన్ని వేలితో వెతికితే ఇంకా లోపలికి పోతుంది. చిన్న కుక్కను వెనక కాళ్లు పట్టి తలకిందులు చేయండి. పెద్దదైతే వెనక నుంచి చేతులు చుట్టి, పక్కటెముకల కింద పిడికిలితో లోపలికీ పైకీ ఐదుసార్లు గట్టిగా నొక్కండి.

ఎందుకు తింటుంది

దొంగబుద్ధి అని కొట్టేముందు గిన్నె చూడండి. మజ్జిగన్నం, గట్క మీదే బతికే కుక్క మాంసకృత్తుల కోసం పెంటకుప్ప మీద పడుతుంది. 10 కిలోల పెద్ద కుక్కకు రోజుకు సుమారు 250 గ్రాముల ఉడికిన అన్నం, 100 గ్రాముల బొక్కల్లేని ఉడికిన కోడిమాంసం, ఒక గుడ్డు రెండు పూటలుగా పెడితే ఆకలి తీరుతుంది. ఉప్పు, కారం, ఉల్లిగడ్డ వద్దు. పిల్లలకు, ఎప్పుడూ ఇంటి తిండే తినేవాటికి కాల్షియం సంగతి డాక్టర్‌తో మాట్లాడాలి. మట్టి, సున్నం, గోడ నాకుతుంటే నులిపురుగులు, పిడుదుల వల్ల వచ్చే రక్తహీనత ముందుగా అనుమానించాలి. కుక్కపిల్లకు మూడు నెలల దాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి పురుగుల మందు వేయాలి. మూడున్నర నెలల నుంచి ఆరు నెలల మధ్య పిల్ల చెప్పులు కొరికితే అది పళ్లు మారే వయసు. తడిపి మడిచి ఫ్రిజ్‌లో గట్టిపడేసిన గుడ్డ కొరకనిచ్చి, మీరు చూస్తున్నంతసేపే ఉంచండి.

"ఇడువు" నేర్పడం

ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. ఒకరు "వద్దు", ఒకరు "ఛీ", ఒకరు "పారెయ్" అంటే దానికి ఏదీ పట్టదు. "ఇడువు" అనుకుందాం. ఉడికిన కోడిమాంసం పల్లీ గింజంత ముక్కలు చేసి పెట్టుకోండి. ఒక పిడికిట్లో ముక్క మూసి దాని ముందు పెట్టండి. నాకుతుంది, గీరుతుంది, మీరు కదలొద్దు, మాట్లాడొద్దు. మూతి వెనక్కి తీసిన ఆ క్షణంలోనే రెండో చేతిలోని ముక్క ఇవ్వండి. పిడికిట్లో ఉన్నది ఎప్పుడూ ఇవ్వొద్దు, అసలు కిటుకు అదే. వదిలేసింది రాదు, వేరేది వస్తుందని దానికి తెలియాలి. వరసగా పదిసార్లు తనంతట తానే వెనక్కి జరిగాక మాట కలపండి. తర్వాత ముక్కను నేల మీద పెట్టి అరచేయి కప్పండి, ఆ తర్వాత చేయి తీసేయండి, ఆ తర్వాత తాడు కట్టి ముక్క పక్కగా నడిపించండి, చివరికి దారిలో ముందే పెట్టిన బొక్క దగ్గరికి తీసుకుపోండి. ఐదు నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడుసార్లు చాలు. ఏ మెట్టు దగ్గరైనా మూడుసార్లు తప్పితే ఒక మెట్టు కిందికి రండి. తొందరపడి మొదటివారమే పెంటకుప్ప దగ్గర పరీక్ష పెడితే, మాటను పట్టించుకోకపోయినా ఏమీ కాదని అది నేర్చుకుంటుంది.

నోట్లో ఇప్పటికే పట్టుకున్నదానికి మార్పిడి ఒకటే మార్గం. మంచి ముక్క ముక్కు దగ్గర పెట్టండి, నోరు తెరవగానే కిందపడ్డది తీయండి. రోజూ దవడలు విరిచి లాక్కుంటే రెండు నష్టాలున్నాయి: దొరికినదల్లా వెంటనే మింగడం, చేయి దగ్గరికొస్తే కరవడం.

నేర్పేదాకా, ముఖ్యంగా పత్తికి మందులు కొట్టే నెలల్లో, జాలి బుట్ట లాంటి మూతిబుట్ట మేలు. ఎద్దుకు కట్టే చిక్కం తరహాలో నోరు తెరిచి వగర్చడానికి, నీళ్లు తాగడానికి చోటుండాలి. గుడ్డతోనో తాడుతోనో మూతి బిగిస్తే వగర్చలేక మన ఎండకు వడదెబ్బతో చనిపోతుంది. మొదటి నాలుగైదు రోజులు బుట్ట లోపలే తిండిముక్క పెట్టి తనే మూతి దూర్చేలా చేసి, ఆ తర్వాత పట్టీ కట్టండి.

యాట కోసిన రోజు

దసరాకో, ఎల్లమ్మ పండుగకో యాటను కోసినప్పుడు పనికిరాని కాలేయం, తిత్తులు కుక్కకు విసరడం ఊరూరా ఉన్నదే. కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీళ్లు నిండిన తెల్లటి బుడగలు కనిపిస్తే అవి బద్దెపురుగు పిల్లల గూళ్లు. పచ్చిగా తిన్న కుక్క పేగుల్లో అవి పెద్దవై, దొడ్డితో గుడ్లు బయటికొస్తాయి. ఆ కుక్కను ముట్టుకుని చేయి కడుక్కోకుండా అన్నం తిన్న పిల్లల కాలేయంలోనో, ఊపిరితిత్తుల్లోనో అవే బుడగలు ఏళ్ల తరబడి పెరుగుతాయి, చివరికి పెద్ద ఆపరేషన్ దాకా పోతుంది. బుడగలున్న భాగాలను కుక్కలు తవ్వలేనంత లోతు గుంతలో పాతండి, వీలైతే కాల్చేయండి. మిగతా మాంసం కుక్కకు పెట్టాలనుకుంటే బాగా ఉడకబెట్టి, బొక్క తీసి పెట్టండి. కాపలా కుక్క పచ్చి తిత్తులు ఇప్పటికే తిని ఉంటే ప్రాజిక్వాంటెల్ ఉన్న పురుగుల బిళ్ల డాక్టర్ చెప్పిన బరువు లెక్కతో వేయించి, రెండు మూడు రోజులు దాని దొడ్డిని గ్లౌజులతో ఎత్తి పాతిపెట్టండి.